పిల్లాడి జలుబు, లావు సూది, మూడు బంతులు: మత్తు డాక్టర్ లెక్క ఇదీ

ఖత్నాకు తేదీ పెట్టుకున్నారు. దావత్‌కు చుట్టాలందరినీ పిలిచారు, వంట మాస్టర్‌కు అడ్వాన్సు కూడా ఇచ్చేశారు. తీరా దవాఖానాకు పోతే మత్తు డాక్టర్ పిల్లాడి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చూసి, "దగ్గుంది, జ్వరం తగిలింది, రెండు మూడు వారాలాగి తీసుకురండి" అంటారు. ఇంట్లో పెద్దలకు కోపం వస్తుంది. ఇంత చిన్న ఆపరేషన్‌కు జలుబు అడ్డమేంటని దాదీ అడుగుతుంది. టాన్సిల్స్ అయినా, హెర్నియా అయినా ఇదే గొడవ.

డాక్టర్ చాదస్తంతో ఆపలేదు. దాని వెనుక ఒక లెక్క ఉంది. సెలైన్ సూది దగ్గర, నడుముకిచ్చే మత్తు దగ్గర కూడా పనిచేసేది అదే లెక్క.

ఒక గొట్టంలోంచి నీళ్లుగానీ గాలిగానీ ఎంత వేగంగా పోతుందన్నది నాలుగింటి మీద ఉంటుంది: వెనకనుంచి నెట్టే ఒత్తిడి, గొట్టం పొడవు, పోయేదాని చిక్కదనం, గొట్టం వెడల్పు. ఒత్తిడి రెట్టింపైతే ప్రవాహం రెట్టింపవుతుంది. పొడవు రెట్టింపైతే సగమవుతుంది. వెడల్పు సంగతి మాత్రం వేరు. వెడల్పు సగమైతే ప్రవాహం సగం కాదు, పావు కూడా కాదు, పదహారో వంతుకు పడిపోతుంది. పాయిజే అనే ఫ్రెంచి డాక్టర్ సన్నని గాజు గొట్టాల్లో నీళ్లు పారించి, కొలిచి, 1840ల్లో ఈ సంగతి తేల్చాడు. ఆయనకు నిజానికి కావలసింది నీళ్ల లెక్క కాదు, సన్నని రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతుందన్నది.

నేను బీకాం చదివినవాణ్ణి, చక్రవడ్డీ మనిషిని ఎలా ముంచుతుందో తెలుసు. ఇది దానికన్నా మొండిది. రెండును రెండుతో, మళ్లీ రెండుతో, ఇంకోసారి రెండుతో గుణించండి, పదహారు వస్తుంది. అంతే లెక్క.

ఇప్పుడు పిల్లాడి గొంతు దగ్గరికి రండి. చంటిపిల్లల శ్వాసనాళం ఇరుకైన చోట సుమారు 4 మిల్లీమీటర్లే ఉంటుంది. జలుబు వల్ల లోపలి పొర చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచిందనుకోండి. అటు ఒకటి, ఇటు ఒకటి పోతే మిగిలేది 2. వెడల్పు సగమైంది కాబట్టి ఊపిరి లాగడానికి పడే కష్టం 16 రెట్లు అవుతుంది. అదే ఒక్క మిల్లీమీటరు వాపు 8 మిల్లీమీటర్ల గొట్టంలో వస్తే 6 మిగులుతుంది, కష్టం సుమారు 3 రెట్లు. మనకు జలుబు చేస్తే టీ తాగి పనికి పోతాం. పసివాడికి అదే జలుబు వేరే లెక్క.

పైగా ఇది గాలి నెమ్మదిగా, నున్నగా పోతున్నప్పటి మాట. పిల్లాడు గుక్కపట్టి ఏడిస్తే గాలి సుడులు తిరుగుతుంది, అప్పుడు వెడల్పు సగమైతే కష్టం 32 రెట్ల దాకా పోతుంది. ఊపిరి ఆడని పిల్లాణ్ణి అమ్మీ ఒళ్లోనే ఉంచి, ఏడిపించకుండా పరీక్ష చేయాలని డాక్టర్లు చూసేది అందుకే.

వాపు ఒక్కటే కారణం కాదు. జలుబు చేసిన గొంతు మత్తులో చిరాకు పడుతుంది, ఉన్నట్టుండి బిగుసుకుపోతుంది. కాస్త ముక్కు కారుతూ, జ్వరం లేకుండా, ఛాతీ శుభ్రంగా ఉంటే కొందరు డాక్టర్లు ముందుకు పోతారు. అది వాళ్లు చూసి చెప్పాల్సిన మాట. మనం మాత్రం తేదీ పోతుందని దగ్గును దాచకూడదు.

ఊపిరి మీద ఈ పట్టింపు మన ఊరికి కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1888లోనూ 1889లోనూ, హైదరాబాద్‌లో క్లోరోఫాం కమిషన్లు రెండు నడిచాయి. మత్తులో మనిషి చనిపోతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా అన్నది ప్రశ్న. ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ముందుండి జంతువుల మీద ప్రయోగాలు చేయించాడు. రెండోసారి లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తరఫున డాక్టర్ వచ్చాడు, ఖర్చు నిజాం పెట్టుకున్నాడు. ఊపిరినే గమనించండి, గుండెకు నేరుగా ప్రమాదం లేదు అని వాళ్లు తేల్చారు. రెండో మాట తప్పని తర్వాత రుజువైంది, క్లోరోఫాం గుండెను నేరుగానే ఆపగలదు. మొదటి మాట మాత్రం ఇవాళ్టికీ నిలిచి ఉంది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టర్‌గా చెప్పుకునే రూపాబాయి ఫర్దూన్‌జీ చదివింది కూడా ఆ కాలపు హైదరాబాద్ మెడికల్ స్కూల్లోనే.

ఇక సూది గొడవ. సిజేరియన్‌కు తీసుకెళ్లే ముందు నర్సు చేతికి లావు సూది పెడుతుంటే, "సన్నది పెట్టమ్మా, పిల్ల తట్టుకోలేదు" అని నానీ బతిమాలుతుంది. ఈ సూదుల్లో నంబరు పెరిగేకొద్దీ సన్నబడతాయి. మూత రంగు చూస్తే తెలుస్తుంది: నీలం 22, గులాబీ 20, ఆకుపచ్చ 18, బూడిద రంగు 16. నీలం దాంట్లోంచి నిమిషానికి సుమారు 35 మి.లీ. సెలైన్ పోతే, ఆకుపచ్చ దాంట్లోంచి 90 మి.లీ. పైచిలుకు పోతుంది. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ ఉంటుంది, ప్యాకెట్ మీద రాసే ఉంటుంది. కాన్పులో రక్తం పోవడం మొదలైతే నిమిషాల్లో లీటర్ల లెక్కకు పోవచ్చు. అప్పుడు నీలం సూదిలోంచి రక్తం ఎక్కిస్తే చెంబులో పోసింది చిల్లుకుండలోంచి పోయినట్టే. పోయేది ఎక్కువ, వచ్చేది తక్కువ.

స్టాండు ఎత్తు పెంచితే సరిపోదా అంటారు. బాటిల్ చేతికన్నా మీటరు ఎత్తులో ఉంటే వచ్చే ఒత్తిడి సుమారు 74 మి.మీ. పాదరసం. రెండు మీటర్లు చేస్తే రెట్టింపవుతుంది, ప్రవాహమూ రెట్టింపవుతుంది, అక్కడితో సీలింగు తగులుతుంది. అందుకే తొందరలో బాటిల్ చుట్టూ గాలి సంచి కట్టి 300 దాకా నొక్కుతారు. ఇంకో సంగతి చాలామందికి వింతగా ఉంటుంది. మెడకు పెట్టే పొడవాటి లైను పెద్ద వైద్యంలా కనబడుతుంది కదా. కానీ అది పొడవు, లోపల దారులు సన్నం. రక్తం గబగబా ఎక్కించడానికి చేతికి పెట్టిన పొట్టి లావు సూదే దానికన్నా ఎక్కువ పనిచేస్తుంది.

అదే లెక్క నడుము మత్తు దగ్గర తిరగబడుతుంది. అక్కడ సన్నది కావాలి. వెన్ను చుట్టూ ఉన్న పొరకు పడిన రంధ్రం పెద్దదైతే లోపలి నీరు కారిపోయి, కూర్చుంటే చాలు తల పగిలిపోయేంత నొప్పి వస్తుంది. అందుకే 25, 27 నంబరు సూదులు వాడతారు. అవి వెంట్రుకల్లా ఉంటాయి. ఇచ్చే మందులో చక్కెర కలిపి ఉంటుంది, దాన్ని హెవీ అనే పిలుస్తారు. చక్కెర తీపికి కాదు, బరువుకి. వెన్నులోని నీటికన్నా బరువైన మందు కిందికి జారుతుంది. టేబుల్ ఎటు వంచితే అటు పోతుంది. మత్తు ఎంత పైకి ఎక్కాలో డాక్టర్ ఆ వంపుతో సర్దుతారు. "కదలకండి" అని గదమాయించేది అప్పుడే.

ఇంట్లో పెద్దాయనకు ఊపిరి కోసం ఆక్సిజన్ బండ పెట్టుకున్న కుటుంబాలకు రాత్రిపూట భయం ఒకటే: తెల్లారేదాకా వస్తుందా? దీనికి మాత్రం కచ్చితమైన లెక్క ఉంది. పెద్ద సిలిండర్ లోపలి చోటు సుమారు 46 లీటర్లు. గాలిని 150 రెట్లు నొక్కి నింపుతారు కాబట్టి బయటికి వచ్చేది దాదాపు 7,000 లీటర్లు. నిమిషానికి 5 లీటర్లు పెడితే 1,400 నిమిషాలు, అంటే 23 గంటల చిల్లర. మధ్య సైజుది 10 లీటర్లు, 1,500 వస్తుంది, 5 గంటలు. మీటరు ముల్లు సగానికి దిగితే ఉన్నది సగమే. ఆ వాల్వు దగ్గర నూనె చేతులు పెట్టకండి, అంత ఒత్తిడిలో ఆక్సిజన్ నూనెను మండించేస్తుంది. ఆ గదిలో లోబాన్ పొగ, అగరుబత్తి కూడా వద్దు.

ఆపరేషన్ థియేటర్‌లో ఉండే నీలం సిలిండర్ ఇలా కాదు. అందులో నైట్రస్ ఆక్సైడ్ ద్రవంగా ఉంటుంది, మన వంట గ్యాస్ బండలాగే. లోపల ద్రవం ఉన్నంతసేపూ ముల్లు కదలదు, అయిపోయే ముందు ఒక్కసారిగా పడుతుంది. వంట గ్యాస్‌ను తూకం వేసి తీసుకుంటాం కదా, అదీ అంతే. ఇంకో తిరకాసు ఉంది. 36.5 డిగ్రీలు దాటితే నైట్రస్ ఆక్సైడ్‌ను ఎంత నొక్కినా ద్రవంగా ఉండదు. మన మే నెల మధ్యాహ్నం ఎండలో ఆ బండను వదిలేస్తే లోపల ద్రవమే మిగలదు, ఒత్తిడి పెరిగిపోతుంది.

చివరిది తలతన్యత. నీటి బొట్టు గుండ్రంగా నిలిచేది దాని వల్లే. మన ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ చిన్న గాలి సంచులున్నాయి, లోపల తడి పొర ఉంటుంది. ఆ తడి సంచిని లోపలికి గుంజుతుంటుంది. సంచి ఎంత చిన్నదైతే అంత గట్టిగా గుంజుతుంది. రెండు సబ్బు బుడగలను గొట్టంతో కలిపితే చిన్నది పెద్దదాంట్లోకి ఊదుకుని మాయమవుతుంది. మన ఊపిరితిత్తుల్లో అలా జరగకుండా కాపాడేది సర్ఫాక్టెంట్ అనే సబ్బులాంటి పదార్థం. కడుపులో బిడ్డకు అది సుమారు 34, 35 వారాలకు గానీ సరిపడా తయారవదు. నెలలు నిండని పిల్లల ఊపిరి ఆగిపోయేది ఇది లేకే అని మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ 1959లో చూపించారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు పాట్రిక్ ఈ జబ్బుతోనే రెండు రోజులు తిరక్కుండా పోయాడు, అప్పటికి మందు లేదు. 1980లో జపాన్ డాక్టర్ ఫుజివారా పది మంది పిల్లలకు సర్ఫాక్టెంట్ నేరుగా ఊపిరితిత్తుల్లోకి ఇచ్చి ఫలితం చూపించాడు.

ఇక్కడ మన ఇళ్లల్లో ఒక ప్రశ్న వస్తుంది, దాచడం ఎందుకు. ఈ మందుల్లో కొన్ని ఆవు ఊపిరితిత్తుల నుంచి తీస్తారు, సర్వాంటా అలాంటిది. కొన్ని పంది నుంచి తీస్తారు, క్యూరోసర్ఫ్ అలాంటిది. ప్రాణం మీదికి వచ్చి వేరే దారి లేనప్పుడు మినహాయింపు ఉంటుందన్నది మన పెద్దలు ఎప్పుడూ చెప్పే మాటే. అయినా ఏది వాడతారు, రెండోది దొరుకుతుందా అన్నది ఎన్‌ఐసీయూ తలుపు దగ్గర వాదించాల్సిన విషయం కాదు, అక్కడ గంటలు కాదు నిమిషాలు లెక్క. నెలలు నిండకముందే కాన్పు కావచ్చని డాక్టర్ అన్న రోజే అడగండి. అదే రోజు తల్లికి స్టెరాయిడ్ సూదుల సంగతి కూడా అడగండి, అవి బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా తయారయ్యేలా చేస్తాయి.

పెద్దవాళ్లకూ ఈ బుడగల బాధ ఉంది. పూర్తి మత్తులో పడుకున్నప్పుడు ఊపిరితిత్తుల అడుగున కొన్ని సంచులు మూసుకుపోతాయి. పూర్తిగా మూసుకున్న బుడగను తెరవడం కష్టం, సగం తెరిచి ఉన్నదాన్ని సాగదీయడం తేలిక. బెలూన్ ఊదేటప్పుడు మొదటి ఊపిరే కదా కష్టం. అందుకే ఆపరేషన్ తర్వాత మూడు బంతుల డబ్బా చేతికిస్తారు. వార్డుల్లో చూడండి, సగం మంది దాన్ని ఊదుతుంటారు. ఊదకూడదు, పీల్చాలి. నోటితో గొట్టం పట్టుకుని నెమ్మదిగా లోపలికి లాగి, బంతిని పైన రెండు మూడు సెకన్లు నిలపాలి. మూడు బంతులూ ఒక్కసారిగా ఎగరేయడం గొప్ప కాదు, ఒక్క బంతిని ఎక్కువసేపు నిలిపితేనే అడుగున మూసుకున్న సంచులు తెరుచుకుంటాయి. కుట్లు నొప్పి పెడతాయని అబ్బాజాన్ మానేస్తే, పొట్ట మీద దిండు అదిమి పట్టుకుని చేయమనండి.