జాతీయ భూ వినియోగ విధానము: మన పొలమునకు కలిగిన మేలెంత?

ఏ చెక్కలో వరి నాటవలెనో, ఏ చెక్కలో జొన్న చల్లవలెనో రైతు ఏటేటా నిర్ణయించుకొనుచునే యున్నాడు. పల్లమున మాగాణి, మెరకన మెట్ట, గట్లపై తుమ్మ, ఊరి వెలుపల పశువుల బీడు - ఈ ఏర్పాటు మన పెద్దలు అనుభవముచే చేసినది. ఇదే పనిని దేశమంతటికి చేయబూనుటయే జాతీయ భూ వినియోగ విధానము. అది ఎంతవరకు నెరవేరినదో రైతు సోదరులును, గ్రామాధికారులును తెలిసికొనుట అవసరము.

లెక్క ఏమి చెప్పుచున్నది?

1950-51లో మన దేశమున నికరముగా సాగైన భూమి సుమారు 11 కోట్ల 87 లక్షల హెక్టారులు. 1970-71 నాటికి ఇది 14 కోట్లకు చేరి, ఆ తరువాత దాదాపు అక్కడనే నిలిచినది. జనాభా మాత్రము 1951లో 36 కోట్లుండగా, 2011లో 121 కోట్లయినది. అనగా 1951లో తలకు సుమారు 80 సెంట్ల సాగుభూమి యుండగా, 2011 నాటికి 29 సెంట్లకు మించలేదు.

ఇండ్లు, రోడ్లు, కర్మాగారములు, జలాశయములు మొదలగు వ్యవసాయేతర ఉపయోగముల క్రింద 1950-51లో సుమారు 93 లక్షల హెక్టారులుండెను. 2010-11 నాటికి ఇది సుమారు 2 కోట్ల 60 లక్షల హెక్టారులకు పెరిగినది.

సాగుభూమి మొత్తము తగ్గలేదు గదా, భయమెందుకని కొందరు అడుగవచ్చును. ఇచ్చట ఒక మెలిక కలదు. కాలువ క్రింది పది ఎకరముల ఒండ్రునేల ఇండ్ల స్థలములైపోయి, వేరొకచోట పది ఎకరముల గరపనేల సాగులోనికి వచ్చినచో లెక్కలో తేడా కనబడదు. గాదెలో మాత్రము కనబడును. మన భూమి లెక్కలు విస్తీర్ణమును చూపునే గాని నేల సత్తువను చూపవు.

విధానము నడచిన దారి

1986 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి అధ్యక్షతన జాతీయ భూ వినియోగ, బంజరు భూముల అభివృద్ధి మండలి మొదటిసారి సమావేశమైనది. 1988లో కేంద్ర వ్యవసాయ శాఖవారి మార్గదర్శక సూత్రములు రాష్ట్రములకు అందినవి. 2007 నాటి జాతీయ రైతు విధానము, మంచి సాగుభూమిని అసాధారణ పరిస్థితులలో తప్ప ఇతర పనులకు ఈయరాదనియు, ఇచ్చినచో అంత పాడుభూమిని వేరొకచోట బాగుచేయించవలెననియు చెప్పినది. 2013లో కేంద్ర భూ వనరుల శాఖ జాతీయ భూ వినియోగ విధానపు ముసాయిదాను తయారుచేసినది. వ్యవసాయ ప్రాంతములు, మార్పు చెందుచున్న ప్రాంతములు, పట్టణ ప్రాంతములు, పారిశ్రామిక ప్రాంతములు మొదలగు విభాగములుగా భూమిని గుర్తించవలెనని దాని సారాంశము. అది ముసాయిదాగనే మిగిలిపోయినది.

రాజ్యాంగము ప్రకారము భూమి రాష్ట్రముల జాబితాలోనిది. అందుచే కేంద్రము సలహా చెప్పగలదు గాని శాసించుట కష్టము. ఈ విధానమునకు మొదటి బలహీనత ఇదియే.

2013 నాటి భూసేకరణ చట్టములో మాత్రము ఒక గట్టి మాట కలదు. దాని 10వ సెక్షను ప్రకారము రెండు మూడు పంటలు పండు నీటివసతిగల భూమిని, వేరు దారి లేనప్పుడు తప్ప సేకరించరాదు. సేకరించినచో అంత బంజరును సాగుకు తేవలెను, లేదా భూమి విలువకు సమానమైన సొమ్మును ప్రభుత్వమువద్ద జమకట్టవలెను. రైలు మార్గములు, రహదారులు, సాగునీటి కాలువలు మొదలగు వానికి ఈ నియమము లేదు. తరువాత కొన్ని రాష్ట్రములు సవరణలు చేసి మరికొన్ని పనులను మినహాయించినవి. పైగా ఈ నియమము ప్రభుత్వము సేకరించు భూమికే వర్తించును; స్వంతదారు తానే అమ్ముకొన్న భూమికి వర్తించదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో చేసిన భూమి మార్పిడి చట్టము, వ్యవసాయ భూమిని ఇతర పనులకు మార్చుటకు అనుమతిని, రుసుమును విధించినది. ఆ రుసుము భూమి ధరనుబట్టియే యుండెను గాని నేల తరగతినిబట్టి కాదు. మూడు పంటల మాగాణికిని, రాతినేలకును ఒకే తూనిక అయినది.

పటములో ఊరెక్కడ?

భూమి సామర్థ్యమునుబట్టి నేలలను 8 తరగతులుగా విభజింతురు. మొదటి 4 తరగతులు సాగుకు తగినవి. తక్కినవి గడ్డికి, చెట్లకు, అడవికి విడువదగినవి. నాగపూరులో 1976లో ఏర్పడిన జాతీయ నేలల సర్వే, భూ వినియోగ ప్రణాళికా సంస్థ దేశమంతటికి నేలల పటములు తయారుచేసినది. ఇది గొప్ప పని. అయితే ఆ రాష్ట్ర పటములలో ఒక సెంటీమీటరు రెండున్నర కిలోమీటర్లకు సమానము. మన గ్రామము బొటనవ్రేలి క్రింద మరుగుపడును. సర్వే నంబరువారీగా నేల తరగతి తెలియనిదే ఏ పొలమును కాపాడవలెనో ఎవరు చెప్పగలరు?

డెల్టా నేర్పు పాఠము

కృష్ణా, గోదావరి డెల్టాలలో వేలాది ఎకరముల వరిచేలు చేపల, రొయ్యల చెరువులైనవి. వరికంటె లాభము కనబడినప్పుడు రైతు ఆ దారి పట్టుటలో తప్పు లేదు. కాని చెరువులో ఉప్పునీరు నిలిపినచో అది గట్టు దాటి ఊటగా ప్రక్క చేనిలో దిగును. వరి నారు ఉప్పునకు తాళలేదు. రెండు మూడు పంటలు చెడిన పిమ్మట ఆ ప్రక్క రైతు కూడ ఇష్టమున్నను లేకున్నను చెరువు త్రవ్వును, లేదా కౌలుకిచ్చి ఊరు విడుచును. పొలమునే నమ్ముకొన్న కూలీలకు నాట్లు, కోతలు పోవును. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని తీర్పు చెప్పినది. 2005లో పార్లమెంటు తీరప్రాంత జలసాగునకు ప్రత్యేక చట్టము చేసినది. అయినను గట్టు ప్రక్కన జరుగునది గట్టు ప్రక్కవారికే ముందు తెలియును. భూ వినియోగము ఒక్కని ఇష్టముతో ముగియు వ్యవహారము కాదని డెల్టా చూపుచున్నది.

గ్రామము చేయదగినది

విధానము ఉద్దేశము మంచిది, బలము చాలదు. ఆ బలము కొంత గ్రామమునుండియే రావలెను. రాజ్యాంగపు 11వ షెడ్యూలులో భూమి అభివృద్ధి, భూసార సంరక్షణ పంచాయతీల పనులుగా చేర్చబడినవి. కావున:

1. గ్రామ పటముపై సర్వే నంబరువారీగా మాగాణి, మెట్ట, చౌడు, బీడు, చెరువు శిఖములను రంగులతో గుర్తించుడు. మట్టి పరీక్షా ఫలితములను దానికి జోడించుడు.

2. గ్రామాధికారులు చేను చూచిన పిమ్మటనే సాగు వివరములు వ్రాయవలెను. చెరువుగా మారిన చేను లెక్కలో వరిగా నిలిచినచో, విధానము ఎంత మంచిదైనను గుడ్డిదగును.

3. ఇండ్లకు, గిడ్డంగులకు స్థలము కావలసినప్పుడు ముందుగా గరపనేలను, పనికిరాని మెరకను చూపుడు.

4. చెరువు త్రవ్వదలచినవారు గట్టునకును, ప్రక్క చేనికిని నడుమ ఊటనీరు పోవు కాలువ విడువవలెను. గ్రామసభలో ప్రక్క రైతుల మాట వినవలెను.

5. పశువుల బీడును, చెరువు శిఖమును బంజరని కొట్టివేయరాదు. అవియును గ్రామమునకు ఆస్తియే.

పంట పోయినచో మరుసటి ఏడు మరల వేయవచ్చును. ఒండ్రునేలపై ఒకసారి సిమెంటు పరచిన పిమ్మట ఆ నేలను మన మనుమలు మరల దున్నలేరు. ఈ సంగతిని వచ్చే గ్రామసభలో చర్చకు పెట్టుడు; మీ వ్యవసాయాధికారిని పిలిచి, పటము ముందుంచుకొని కూర్చుండుడు.