మీకు తెలుసా? కొత్త గ్రాఫిక్స్ చిప్ కరెంటు ఆకలి

● సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌తో గ్రాఫిక్స్ చిప్పుల కంపెనీ ఎన్విడియా 2020లో ఏఐ పరిశోధన కేంద్రానికి చేయి కలిపింది. ఆటల కోసం పుట్టిన గ్రాఫిక్స్ చిప్పులే ఇప్పుడు పరిశోధనకు పనిముట్లు.

● 2022 నాటి ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4090లో మెమరీ 24 జీబీ. 2025 జనవరిలో వచ్చిన 5090లో 32 జీబీ.

● ట్రాన్సిస్టర్లు 7,630 కోట్ల నుంచి 9,220 కోట్లకు చేరాయి.

● కరెంటూ 450 నుంచి 575 వాట్లకు పెరిగింది. అంటే మిక్సీని ఆపకుండా తిప్పినట్టే! కంపెనీ సూచించే పవర్ సప్లై 1,000 వాట్లు. కొనేముందు మీ కంప్యూటర్‌లో ఎంతుందో చూసుకోండి.

● చిప్ ఒక్క ఫ్రేమ్ గీస్తే, ఎన్విడియా సాంకేతికత డీఎల్‌ఎస్‌ఎస్ 4 ఏఐతో మరో మూడింటిని అల్లగలదు. ప్రకటనల్లోని ఫ్రేమ్ లెక్కల్లో అవీ కలిసి ఉండొచ్చు, జాగ్రత్త!