బీరువాలో బట్టలు: అపోహలు – వాస్తవాలు

కొన్నా కట్టని బట్టల మీద చిక్కుకుపోయిన డబ్బు, కట్టదగిన బట్ట ఇంట్లోనే ఉన్నా చేతికి దొరక్క ప్రతి ఉదయం పోయే సమయం: తెలుగు ఇళ్లలో బట్టల బీరువా తెచ్చిపెట్టే నష్టాలు ప్రధానంగా ఈ రెండే. బట్టలు ఎక్కువైపోవడమే ఇందుకు కారణమని పైకి అనిపిస్తుంది గాని, నిజానికి ఈ రెండు నష్టాలూ వాడకం ఆగిపోయిన బట్టల వల్ల వచ్చేవే. ఒక బట్ట ఎంత ఖరీదైనది, అలాంటివి ఎన్ని ఉన్నాయి అన్న లెక్కల కన్నా అది ఎంత తరచుగా ఒంటిమీదికి వస్తోంది అన్న లెక్క ముఖ్యమైనది. ఈ సంగతిని మరుగుపరిచే అపోహలు కొన్ని బాగా పాతుకుపోయి ఉన్నాయి.

అపోహ: బట్టలు తగ్గించుకోవడమంటే ఒక అంకెకు కట్టుబడటమే

ఒకదానితో ఒకటి కలిపి వేసుకోదగిన కొద్దిపాటి మేలైన బట్టలతోనే అవసరాలు తీర్చుకునే పద్ధతిని ‘క్యాప్స్యూల్ వార్డ్‌రోబ్’ అంటారు. 1970ల్లో లండన్‌లో బట్టల దుకాణం నడిపిన సూసీ ఫో ఈ ఆలోచనకు ప్రచారం తేగా, 1985లో అమెరికన్ డిజైనర్ డోనా కరన్ ఏడు ముక్కల శ్రేణితో దానిని ఉద్యోగినుల దగ్గరికి చేర్చారు. 2010లో కోర్ట్నీ కార్వర్ మొదలుపెట్టిన ‘ప్రాజెక్ట్ 333’ మాత్రం మూడు నెలలపాటు 33 వస్తువులతో సరిపెట్టుకోవాలని నియమం పెట్టింది. ఆ లెక్కలోకి చెప్పులు, నగలు కూడా వస్తాయి. లోదుస్తులు, రాత్రిపూట వేసుకునేవి, ఇంట్లో వాడుకునేవి, వ్యాయామానికి వాడేవి మాత్రం రావు. రోహిణి కార్తె ఎండల్లో రోజుకు రెండు జతలు మార్చక తప్పని విజయవాడలో, పూజకు వేరే బట్ట, పెళ్లికి వేరే బట్ట ఉండే ఇంట్లో, ఈ అంకెను యథాతథంగా అమలు చేయబోతే నెల తిరక్కుండానే విసుగు పుడుతుంది. ఆ పద్ధతి నుంచి తీసుకోవలసింది అంకెను కాదు, కలిపి వాడుకునే గుణాన్ని. చీరకట్టులో ఆ గుణం రవికలో ఉంటుంది: ప్రతి చీరకూ దానితో వచ్చిన ముక్కతోనే జాకెట్టు కుట్టిస్తే ఒకటి బిగుతైనప్పుడు రెండూ మూలపడతాయి, అదే నలుపు, మెరూన్, బంగారు రంగు జాకెట్లు, ఒక కలంకారీ జాకెట్టు సరైన కొలతతో ఉంటే ఒకే రంగు మంగళగిరి నేత చీరలు ఎన్నింటినో వాటితోనే కట్టవచ్చు.

అపోహ: తగ్గింపు ధరకు కొన్నదంతా ఆదా

ఆషాఢంలో పెళ్లి ముహూర్తాలు ఉండవు గనుక బట్టల దుకాణాల్లో బేరాలు సన్నగిల్లుతాయి. శ్రావణానికి కొత్త సరుకు దించుకోవాలంటే పాత సరుకు కదలాలి. ఆషాఢం తగ్గింపుల వెనుక ఉన్న వ్యాపార సూత్రం ఇదే, ఇందులో తప్పేమీ లేదు. అయితే చీర మీద రాసిన ధర చీర అసలు ఖర్చు కాదు. ఫాల్, పికో, లైనింగు, జాకెట్టు కుట్టుకూలి, మ్యాచింగ్ సెంటర్‌లో కొనే లోపలి లంగా కలిస్తేగాని అది కట్టడానికి సిద్ధం కాదు. ఈ ఖర్చులు చీర ధర తగ్గినంత మాత్రాన తగ్గవు. అందుకే మొత్తం ఖర్చును కట్టిన సార్లతో భాగించి చూడటం సరైన పద్ధతి. 12,000 రూపాయల పట్టుచీరను ఏడాదికి రెండుసార్లు చొప్పున పదేళ్లు కడితే ఒక్కోసారికి 600 రూపాయలు పడుతుంది. 900 రూపాయల నూలుచీరను నెలకు రెండుసార్లు చొప్పున రెండేళ్లు కడితే ఒక్కోసారికి 19 రూపాయలు కూడా దాటదు. సగం ధరకు వచ్చిందని 3,000 పెట్టి కొన్న చీరను ఒక్కసారే కడితే ఆ ఒక్కసారికీ 3,000 పూర్తిగా పడినట్టే. ఈ మూడింటిలో అన్నిటికన్నా ఖరీదైనది చివరిదే.

అపోహ: పట్టుబట్ట కట్టకుండా దాస్తేనే మన్నుతుంది

అన్ని అపోహల్లోకీ ఎక్కువ నష్టం చేసేది ఇదే, ఎందుకంటే ఇది పొదుపు రూపంలో కనిపిస్తుంది. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ సన్నని వెండి రేకు చుట్టి, దానిపై బంగారు పూత వేసినది. చీరను ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉంచితే, ఆ మడత దగ్గర పెళుసైన పట్టుపోగులు గట్టి జరీ అంచు ఒత్తిడికి విరుగుతాయి. విప్పిన రోజున చీర మడతల వెంబడే చిరగడానికి కారణం ఇదే. మూడు నాలుగు నెలలకొకసారి విప్పి, నీడలో గాలికి ఆరబెట్టి, మడత మార్చి పెట్టడం ఇందుకు మందు. ఎండలో వేస్తే మాత్రం అతినీలలోహిత కిరణాలకు రంగు వెలుస్తుంది, పట్టు బలహీనపడుతుంది.

దుకాణంలో ఇచ్చిన ప్లాస్టిక్ కవరులోనే చీరను ఉంచడం రెండో పొరపాటు. వానాకాలంలో, ముఖ్యంగా కోస్తా జిల్లాల్లో, కవరు లోపల చిక్కుకున్న తేమ బయటికి పోలేక బూజు పడుతుంది. ఉతికిన తెల్లని నూలుగుడ్డ, పాత పంచె ముక్క అయినా సరే, గాలి ఆడనిస్తుంది. వెండి గంధకంతో కలిస్తే నల్లబడుతుంది గనుక, తయారీలో గంధకం కలిసే రబ్బరు బ్యాండును చీర చుట్టూ వేయకూడదు. జాకెట్టును చీర మడతలో దోపి పెట్టడం కూడా ఇలాంటి అలవాటే: దాని ఇనుప హుక్కులు తేమకు తుప్పుపట్టి పట్టుమీద వదిలిన మరక ఒక పట్టాన పోదు. రోజువారీ నూలుచీరలకు చీర, జాకెట్టు, లంగా ఒకే జతగా పెట్టుకోవడం ఉదయం పూట వెతుకులాటను తప్పిస్తుంది. పట్టుచీరకు మాత్రం జాకెట్టు విడిగా ఉండాలి.

కట్టిన ప్రతిసారీ డ్రైవాష్‌కు వేయాలన్న నమ్మకమూ ఈ అపోహకు తోడే. డ్రైవాష్ అంటే నీటికి బదులు మురికిని కరిగించే రసాయన ద్రవంతో శుభ్రం చేయడం. మరక పడనప్పుడు, చెమట పట్టనప్పుడు, కొన్ని గంటలు ఆరబెడితే చాలు. అయితే ఇంట్లో ఉతుక్కోదగిన సాదా పట్టును వాషింగ్ పౌడరుతో ఉతకడం పొరపాటు, ఎందుకంటే రక్తం, పాలు, గుడ్డు వంటి మరకలను విడగొట్టడానికి చాలా పౌడర్లలో కలిపే ఎంజైములు ప్రోటీన్లను ఛేదిస్తాయి, పట్టు కూడా ప్రోటీనే. గద్వాల చీర ఈ విషయంలో ఇంకా జాగ్రత్త కోరుతుంది: నూలు ఒంటికి పట్టు అంచును కుప్పడం పద్ధతిలో నేతలోనే జతచేస్తారు గనుక, ఒకే చీరలో రెండు స్వభావాలు ఉంటాయి, నీటిలో నానితే రెండూ ఒకేలా కుదించుకుపోవు, అంచు రంగు ఒంటికి అంటుకునే ప్రమాదమూ ఉంటుంది.

అపోహ: కలరా ఉండలు వేస్తే ఏ పురుగూ చేరదు

కలరా ఉండల్లోని నాఫ్తలీన్ ఘనరూపం నుంచి నేరుగా ఆవిరిగా మారుతుంది. ఆ ఆవిరి బిగుతుగా మూసిన చోట చిక్కబడితేనే పురుగును చంపుతుంది, రోజుకు పదిసార్లు తెరిచే బీరువాలో వాసన మాత్రమే మిగులుతుంది. బట్టను కొట్టేది ఎగిరే చిమట కాదు, దాని గొంగళిపురుగు. దాని ఆహారం ఉన్ని, పట్టు. శుభ్రమైన నూలుబట్ట జోలికి అది సాధారణంగా రాదు, కూర మరకలు, చెమట ఉన్న బట్టను మాత్రం వెతుక్కుంటూ వస్తుంది. పుస్తకాల అరల్లో కనిపించే వెండిరంగు పురుగుకు పిండిపదార్థం ఇష్టం, కాబట్టి నెలల తరబడి దాచే నూలుచీరను గంజి పెట్టకుండా దాచాలి. వీటికి మించి తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది: నాఫ్తలీన్ విషపదార్థం. పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పసిపిల్లల్లో ఇది ఎర్రరక్తకణాలను చిట్లగొట్టి తీవ్రమైన పచ్చకామెర్లకు దారితీయగలదు. పిల్లల బట్టల మధ్య, పొత్తిగుడ్డల మధ్య ఈ ఉండలు ఎట్టి పరిస్థితిలోనూ ఉండరాదు.

అపోహ: సర్దడమంటే డబ్బాలు కొని రంగుల వరుసలో పేర్చడం

రంగుల వరుస చూడటానికి బాగుంటుంది, వాడకం గురించి మాత్రం ఏమీ చెప్పదు. కట్టి ఉతికిన చీరను, చొక్కాను ఎప్పుడూ వరుసలో కుడి చివరే పెట్టే అలవాటు చేసుకుంటే, ఏడాది తిరిగేసరికి వాడనివన్నీ వాటంతటవే ఎడమవైపుకు చేరుతాయి. పైసా ఖర్చు లేని ఈ ఏర్పాటు ఏ డబ్బా కన్నా నిజాయితీగా లెక్క చెబుతుంది.

అపోహ: వాడనివి ఎవరికో ఒకరికి ఇచ్చేస్తే పని అయిపోయినట్టే

ముందుగా, శుభకార్యాల్లో వచ్చిన పెట్టుబడి చీరలు, ప్యాంటు-చొక్కా ముక్కలు సొంత బట్టలతో కలిసిపోతే బీరువా నిండినట్టు కనిపిస్తుంది. అవి తిరిగి ఇంకొకరికి పెట్టడానికే వచ్చాయని గుర్తించి వేరే అరలో ఉంచితే, రేపటి గృహప్రవేశానికి కొత్తగా కొనే పని తప్పుతుంది. ఇక పాతబట్టల విషయానికొస్తే, 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరానికి చేరిన పాతబట్టల్లో బాధితులకు పనికిరానివి రోడ్ల పక్కన గుట్టలుగా పడి ఉండటం, ఇవ్వడానికీ ఉపయోగపడటానికీ ఎంత తేడా ఉందో చూపింది. చిరిగిన, మరకలు పడిన బట్ట దానం కాదు. మెత్తబడిన నూలుచీర బొంతకు పనికొస్తుంది. చెమట పీల్చని సింథటిక్ చీర అందుకు పనికిరాదు. పాత ఉన్నిబట్టలను హర్యానాలోని పానిపట్‌లో మళ్లీ దారంగా వడికి దుప్పట్లు నేస్తారు. పాతబట్టలకు స్టీలు సామాను ఇచ్చే బేరంలో జరీ చీరను మాత్రం తొందరపడి ఇవ్వకూడదు: అంచులో ఒక పోగును గీరి చూస్తే, అసలు జరీలో సాధారణంగా ఎర్రటి పట్టుదారం బయటపడుతుంది, అలాంటి చీరను జరీ కొనే దుకాణంలో చూపించి, అందులోని వెండికి విలువ కట్టించిన తర్వాతే బేరానికి దిగాలి.