పాత నౌకకు క్రొత్త చేపట్టు

టేకు మనకు చిరపరిచితమైన కలప. దక్షిణ భారత భాషలలోని ఈ పేరే పోర్చుగీసువారి నోటబడి, పిదప ఇంగ్లీషులో 'టీక్' అయినది. సహజమైన నూనెగల ఈ కలప ఎండకును ఉప్పునీటికిని చాలకాలము తట్టుకొనును. అందుచేతనే పాశ్చాత్య దేశములలో తెరచాప నౌకల కేబిన్ పైకప్పుమీద, నావికుడు పట్టుకొని నడచుటకై టేకు చేపట్టుకర్రలను బిగింతురు.

1959లో అమెరికాలో 28 అడుగుల 'ట్రైటన్' నౌక వెలువడినది. ఆ కాలమునుండి గాజునార నౌకలు విరివిగా తయారైనవి. అట్టి పాతనౌకలు పెక్కింటి పైకప్పులో, రెండు పలుచని గాజునార పొరల నడుమ తేలికయైన బాల్సా కొయ్య యుండును. చేపట్టుకర్రను పట్టియుంచిన మర వదులైనచో, నీరు ఆ బెజ్జము గుండా దిగి బాల్సాను కుళ్ళజేయును. పైకి కర్ర చెక్కుచెదరక కనిపించును. లోపల దాని ఆధారము నశించును. తుఫాను రాత్రి నావికుడు తన దేహభారమంతయు మోపునది దానిమీదనే గదా!

కావున కర్రను చేతికందు చోటికి మార్చదలచినవాడు మొదట దానిమీది చిన్న కొయ్య బిరడాలను తొలగించి, అడుగునున్న మరలను విప్పవలెను. ఏండ్ల తరబడి పైకప్పు వంపునకు లోబడిన కర్రను ఒక కొనయందే పట్టి లాగినచో విరుగును. మరలన్నింటిని కొంచెము కొంచెముగా వదులు చేయుట క్షేమము. పాత బెజ్జముల చుట్టునుగల కుళ్ళిన బాల్సాను గీకివేసి, లోపలి తడిని పూర్తిగా ఆరనిచ్చి, ఆ ఖాళీని చిక్కని ఎపాక్సీతో నింపవలెను.

క్రొత్తచోట బోల్టుకంటె పెద్ద బెజ్జము తొలిచి, దానినికూడ ఎపాక్సీతో నింపుదురు. అది గట్టిపడిన పిదప దాని నడుమనే బోల్టుకు సరిపడు బెజ్జము వేయుదురు. ఇక నీరు దిగినను బాల్సాను తాకజాలదు.

టేకులోని నూనె అతుకునకు అడ్డు. అందుచేత కర్ర అడుగుభాగమును అసిటోన్‌తో తుడిచి, నీరు చొరనీయని లేపనమును పూయవలెను. శాశ్వతముగా అంటుకొను జిగురు తగదు. మరల విప్పవలసివచ్చినప్పుడు కర్రయే చీలిపోవును. కేబిన్ లోపలివైపున లోహపు పలకనుంచి నట్టు బిగించినచో బరువు ఒక్కచోటనే పడక విస్తరించును. బిగించునప్పుడు బోల్టును కదలనీయక నట్టును మాత్రమే త్రిప్పవలెను. లేనిచో లేపనము చెదరును. చివరకు క్రొత్త బిరడాలను, వాటి కొయ్య రేఖలు కర్ర రేఖల దిశలోనే యుండునట్లు అమర్చవలెను.

పని ముగిసిన పిమ్మట నీరు ధారగా పోసి, లోపల చెమ్మ దిగుచున్నదేమో చూచి, కర్రను బలముకొలది లాగి పరీక్షింతురు. ఈ పరీక్ష రేవులోనే జరుగవలెను. విద్యార్థులారా, సముద్రము పెట్టు పరీక్షకు మరుసటి సంవత్సరము ఉండదు.