కుక్క జబ్బు నుంచి మనిషి ఫ్లూ దాకా

ముక్కు కారుతూ, కళ్ళు పుసులు కట్టి, దగ్గుతూ ఒక మూల ముడుచుకు పడుకున్న కుక్కపిల్లను మీరు చూసే ఉంటారు. "జలుబే కదా, అదే పోతుంది" అనుకుంటాం. కాని అది డిస్టెంపర్ కావచ్చు. ఆ వ్యాధి ఊపిరితిత్తులకు, పేగులకు పాకి, ఒక్కొక్కప్పుడు మెదడును కూడా పట్టుకుంటుంది. ఎన్నో కుక్కపిల్లలు దానికి బలి అవుతాయి.

ఈ వ్యాధికి కారణం ఏమిటి? 1905లో ఫ్రాన్సు దేశపు పశువైద్యుడు ఆన్రీ కార్రే, జబ్బు కుక్క ముక్కునుంచి కారే ద్రవాన్ని బాక్టీరియా దూరలేని వడపోత గుండా పంపాడు. వడకట్టిన ద్రవం కూడా ఆరోగ్యంగా ఉన్న కుక్కలకు జబ్బు తెప్పించింది! అంటే దోషి బాక్టీరియా కాదు, అంతకన్న చిన్నదైన వైరస్ అన్నమాట. చాలామంది నమ్మలేదు. జబ్బు కుక్కల శ్వాసనాళాల్లో ఒక రకం బాక్టీరియా తరచు కనిపించేది మరి!

1923లో ఇంగ్లండులో 'ది ఫీల్డ్' పత్రిక పరిశోధనకు విరాళాలు పోగుచేసింది. లండన్ దగ్గర మిల్ హిల్‌లో లైడ్‌లా, డంకిన్ అనే శాస్త్రజ్ఞులు పనిలోకి దిగారు. ఇక్కడొక చిక్కు వచ్చింది. ఒకసారి డిస్టెంపర్ వచ్చి తగ్గిన కుక్కకు అది మళ్ళీ సాధారణంగా రాదు. మరి ఏ కుక్కకు ముందే వచ్చిందో తెలిసేదెలా? అందుకని కుక్కపిల్లలను పుట్టినప్పటినుంచీ వేరుగా పెంచారు. వాటి దగ్గరకు వెళ్ళే పనివాళ్ళు స్నానం చేసి, బట్టలు మార్చుకోవలసిందే!

ముంగిసలా సన్నగా, పొడుగ్గా ఉండే ఫెరెట్ అనే జంతువుకు కూడా డిస్టెంపర్ సోకుతుంది. వాళ్ళు దానిమీద కూడా ప్రయోగాలు చేశారు. కార్రే చెప్పిందే నిజమని తేలింది. 1928 నాటికి టీకా విధానం కూడా తయారైంది. ముందు చంపిన వైరస్‌ను, తరువాత బతికున్న వైరస్‌ను ఎక్కించేవారు.

కథ అంతటితో ఆగలేదు. 1933లో స్మిత్, ఆండ్రూస్, లైడ్‌లా కలిసి ఫ్లూ వచ్చిన మనిషి గొంతు కడిగిన నీటిని వడకట్టి ఫెరెట్ల ముక్కుల్లో వేశారు. అవి జబ్బుపడ్డాయి! మనుషుల ఫ్లూకు కారణం వైరస్ అని అలా రుజువైంది. 1936లో జబ్బు ఫెరెట్ ఒకటి స్టూవర్ట్-హారిస్ అనే శాస్త్రజ్ఞుని ముఖం మీద తుమ్మింది. రెండు రోజులు తిరగకుండానే ఆయనకు ఫ్లూ వచ్చింది.

డిస్టెంపర్ వైరస్ వేరు, ఫ్లూ వైరస్ వేరు. డిస్టెంపర్ వైరస్ మన తట్టు వైరస్‌కు దగ్గరి చుట్టం. అయినా ఒకదాని కోసం నేర్చిన పద్ధతి రెండవదాన్ని పట్టి ఇచ్చింది.

డిస్టెంపర్ వైరస్‌ను చంపే మందు ఈనాటికీ లేదు. మంచి టీకాలు మాత్రం ఉన్నాయి. మీ ఇంట్లో కుక్కపిల్ల ఉందా? ఆరు నుంచి ఎనిమిది వారాల వయసు రాగానే పశువుల ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. ముక్కు కారేదాకా ఆగకండి!