పాత రాగి నాణెం దొరికిందా? చింతపండుతో తోమే ముందు ఇది చదవండి!

"ఈ పాత పైసా మీ దగ్గరుంటే లక్షాధికారే" అంటూ ఫోన్లలో వీడియోలు తెగ తిరుగుతున్నాయి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు 1948 వరకు నిజాం పాలనలోనే ఉన్నాయి. అప్పట్లో ఇక్కడ చెల్లింది హాలీ సిక్కా. అందుకే నాయనమ్మల సందుగల్లో ఆనాటి రాగి పైసలు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. మరి వాటికి నిజంగానే లక్షలు వస్తాయా?

పాతదైతే చాలదు

నాణేనికి ధర తెచ్చేది వయసు ఒక్కటే కాదు. అలాంటివి ఎన్ని మిగిలాయి, మన చేతిలోది ఎంత బాగుంది అన్నదే అసలు లెక్క. ఈస్టిండియా కంపెనీ 1835 పావు అణాలు లెక్కలేనన్ని ముద్రించారు. అందుకే అవి ఈరోజుకీ చవకే. నిజాం నాణేలపై ఉండేది హిజ్రీ సంవత్సరం. 1329 అని ఉందంటే 700 ఏళ్ల నాటిదని మురిసిపోవద్దు. అది మన లెక్కలో 1911.

గ్రేడింగ్ అంటే?

నాణేనికి మార్కులు వేయడమే గ్రేడింగ్. అమెరికాలో పాత రాగి సెంట్ల కోసం విలియం షెల్డన్ 1949లో 1 నుంచి 70 వరకు ఒక కొలమానం ఇచ్చారు. బొమ్మ పూర్తిగా అరిగిపోతే 1. ముద్రించినప్పటి మెరుపు చెక్కుచెదరకుంటే 70. ఇప్పుడు ఇదే కొలమానాన్ని ప్రపంచమంతా వాడుతోంది. రాగికైతే రంగు కూడా చూస్తారు. ఎర్రగా ఉంటే విలువెక్కువ, ఎరుపు-గోధుమ కలిస్తే కాస్త తక్కువ, పూర్తి గోధుమైతే ఇంకా తక్కువ.

ఇక ప్యాటర్న్ నాణేల సంగతి వేరు. డిజైన్ ఎలా వస్తుందో చూసుకోవడానికి టంకశాలలో ముందుగా కొన్నే కొడతారు. అమెరికాలో 1792 నాటి బర్చ్ సెంట్ అలాంటిదే. 2015 వేలంలో అది 25 లక్షల డాలర్లకు పైగా పలికింది. అది మార్కెట్‌లో చెల్లిన మామూలు పైసా కాదు.

తోమితే పోయినట్టే!

రాగి చెంబును చింతపండుతో తోమితే తళతళలాడుతుంది. కానీ నాణేన్ని అలా తోమితే పులుపుకు పైపొర పోతుంది, సన్నటి గీతలు పడతాయి. సేకరించేవాళ్లు చూడగానే పట్టేస్తారు, ధర పడిపోతుంది. అంచులు పట్టుకుని పొడి కాగితపు కవర్‌లో పెట్టండి. అంతే.

వీళ్లతో జాగ్రత్త

"బియ్యం లాగే రాగి నాణెం" పేరుతో రైస్ పుల్లింగ్ ముఠాలు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. రాగి ఇనుమునే లాగదు, ఇక బియ్యాన్నేం లాగుతుంది? 1818 అని రాసి, రాముడి బొమ్మ ఉన్న కంపెనీ అణాలు కూడా చెలామణిలో ఉన్న నాణేలు కావు.

"మీ నాణెం కొంటాం, ముందు కమీషన్ కట్టండి" అంటే మోసమే. తమ పేరుతో ఇలా డబ్బులు గుంజుతున్నారని, తాము ఎలాంటి ఛార్జీలూ అడగబోమని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

పొలంలో దొరికితే?

2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే బంగారు, వెండి ఆభరణాలున్న లంకెబిందె బయటపడింది. అధికారులు దాన్ని స్వాధీనం చేసుకున్నారు. భూమిలో దొరికిన నిధిని కలెక్టర్‌కు చెప్పాల్సిందే, దాచడం నేరం. పక్కనున్న సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో 2024లో పురావస్తు శాఖ తవ్వకాల్లో ఒకే కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. అవి ఎక్కడ, ఎలా దొరికాయో రాసి ఉంచారు కాబట్టే చరిత్రకు పనికొస్తున్నాయి.

ఇంకో మాట. వంద ఏళ్లు దాటిన నాణెం చట్టం ప్రకారం పురావస్తువు. సొంతంగా విదేశాలకు పంపకూడదు.

కాబట్టి ఇంట్లో పాత పైసా కనిపిస్తే తోమొద్దు, తొందరపడి అమ్మొద్దు. రెండు వైపులా ఫొటో తీసి ఇద్దరు ముగ్గురు అనుభవజ్ఞులకు చూపించండి. ఒక్కరి మాటే నమ్మి చేతికివ్వకండి.