ఎవరి పాట వారే పాడుకున్న రోజులు



బియ్యం ఏరుకుంటూనో, కూర తరుగుకుంటూనో రేడియోలో సినిమా పాట వింటూంటాం. తెరమీద పెదవి కదిపేది ఒకరు, పాడేది ఇంకొకరు అని మనందరికీ తెలుసు. అదేం వింత కాదు మనకి. కాని మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీసిన నాడు సంగతి వేరు. ఎవరి పాట వారే పాడుకోవాలి. అదీ కెమేరా ముందు నటిస్తూనే!

అంతకుముందు వచ్చినవి మూకీలు. బొమ్మ ఆడేది, మాట ఉండేది కాదు. మధ్యమధ్య తెరమీద అక్షరాలు పడేవి. చదువురాని వాళ్ళ కోసం హాల్లో ఒకాయన నిలబడి కథ చెప్పేవాడు. 1931 మార్చి 14న బొంబాయిలో ‘ఆలం ఆరా’ విడుదలై, మన దేశంలో బొమ్మకి నోరొచ్చింది. దాన్ని తీసిన అర్దేషిర్ ఇరానీగారి దగ్గర పనిచేసిన హెచ్.ఎం. రెడ్డిగారే ‘భక్త ప్రహ్లాద’కి దర్శకులు. ఇది 1931 సెప్టెంబరు 15న వచ్చిందని చాలాకాలం అనుకున్నారు. పాత కాగితాలు వెదికి చూస్తే, 1932 జనవరి 22న సెన్సారయి, ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైనట్టు తేలింది.

మరి టాకీకి మనుషులు ఎక్కడినించి వస్తారు? అందం ఒక్కటే ఉంటే చాలదు, గొంతు కావాలి. అందుకని నాటకాల వాళ్ళనే పిలిచారు. సురభి కమలాబాయిగారు లీలావతి, మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడు. తరువాత పెద్ద దర్శకుడైన ఎల్.వి. ప్రసాద్‌గారు కూడ ఇందులో చిన్న వేషం వేశారు.

అప్పట్లో పాట ఎలా పట్టేవారో చెప్తాను, వినండి. బొమ్మ, ధ్వని రెండూ ఒకేసారి పట్టాలి. మైకు తెరమీద కనపడకూడదు గనక ఏ చెట్టుచాటునో, తెరచాటునో దాచేవారు. హార్మనీ, తబలా వాళ్ళు కెమేరా కంటికి ఆనకుండా పక్కన కూచోవాలి. మైకుకి మరీ దూరం జరిగితే గొంతు అందదు. పైన దీపాల వేడి. బయట రైలు కూత వినపడ్డా, చరణం చివర ఒక్క మాట తడబడినా మళ్ళీ మొదటికే! ‘ఆలం ఆరా’కైతే రైళ్ళ రొద తగ్గే వేళ చూసుకుని రాత్రిళ్ళు పనిచేశారు.

ఈ మార్పు కొందరికి అన్నం పెట్టింది, కొందరి నోటిదగ్గర కూడు లాగింది. మూకీలలో మహారాణిలా వెలిగిన సులోచన అసలు పేరు రూబీ మయర్స్. ఆవిడకి హిందుస్తానీ సరిగా రాదు. ఎంత పేరుంటే ఏం లాభం? పని మానుకుని, భాష నేర్చుకుని, 1932లో ‘మాధురి’ టాకీతో మళ్ళీ తెరమీదకి వచ్చారు. పెద్దపేరు వచ్చాక మళ్ళీ పలక పట్టడం మాటలా చెప్పండి! ఇటు నాటకాలాడే ఆడవాళ్ళని లోకం చిన్నచూపు చూసిన కాలంలోనే, వాళ్ళ పాట లేనిదే టాకీ నడవని స్థితి వచ్చింది.

1935లో కలకత్తా న్యూ థియేటర్స్ వారు ‘ధూప్ ఛావ్’లో పాటని ముందుగా రికార్డు చేసి, తరువాత బొమ్మ తీసే పద్ధతి పెట్టారు. అక్కడినించి నటికి పాట రాకపోయినా ఫరవాలేదు, గాయనికి ముఖం చూపించనక్కరలేదు.

అన్నట్టు, ‘భక్త ప్రహ్లాద’ చూద్దామంటే ఇప్పుడు దొరకదు. ‘ఆలం ఆరా’ కూడ అంతే. ఒక్క ప్రింటూ మిగల్లేదు. కమలాబాయిగారు లీలావతిగా ఎలా పాడారో ఇక మనం వినలేం. జాగ్రత్త చెయ్యాలని ఆనాడు ఎవరికీ తోచలేదు.

మరి మన ఇళ్ళలో? అత్తగారి మంగళహారతి, అమ్మమ్మ లాలిపాట రోజూ వినేవేగదా అని ఊరుకుంటాం. ఈ ఆదివారం వాళ్ళని పక్కన కూచోపెట్టుకుని, ఒక్క పాటయినా పాడించి రికార్డు చేసి ఉంచండి. పోయిన గొంతు మళ్ళీ రాదు.